కడలి యొడ్డు కోవెల

రామకుప్పము సీమ కొండల సీమ. సముద్రమట్టమునకు రెండువేల అడుగులకు పైగా ఎత్తున నున్న ఈ పీఠభూమిలో ఎటు చూచినను గుండ్లు, గుట్టలు, బోడికొండలు కానవచ్చును. ఇచ్చటి పిల్లలకు రాతితో పుట్టుకనాటి నుండియు పరిచయము కలదు. ఇంటి గడప రాయి, వాకిటి అరుగు రాయి, చేనిగట్టున పాతిన కూసము రాయి, దేవళపు ధ్వజస్తంభము రాయి. కుప్పము ప్రాంతపు గనులలో దొరకు పచ్చని గ్రానైటు రాయి దేశాంతరములకు సైతము పేరు మోసినది. ఇట్లు రాతి నెరిగిన ఈ పిల్లలలో పెక్కుమంది కడలిని మాత్రము కన్నులార చూచి యుండరు.

అయినను ఈ సీమకును కడలికిని ఒక పాత సంబంధము కలదు. కర్ణాటకమునందలి నంది కొండలలో పుట్టిన పాలారు కుప్పము ప్రాంతము గుండ ప్రవహించి, వేలూరు, కాంచీపురముల చెంతగా సాగి, తుదకు వయలూరు వద్ద బంగాళాఖాతమున కలియును. దీని మొత్తము పొడవు 348 కిలోమీటర్లు. అందు ఆంధ్రప్రదేశమున ప్రవహించునది 33 కిలోమీటర్లు మాత్రమే. సంవత్సరమున పెక్కు దినములు ఈ యేటిలో నీటికన్న ఇసుకయే ఎక్కువ. ఆ ఇసుక యన నేమి? ఎండకు పగిలి, వానకు రాలి, వరదకు దొరలి పొడియైన కొండరాయియే. కొండ కొంచెము కొంచెముగా కరగి కడలి చేరుచున్నదన్నమాట.

ఆ యేరు కడలిని చేరు చోటికి కొలది దూరమున ఉత్తరముగా, కరగిపోవుచున్న రాతిని మానవుడు పట్టి నిలిపి, కోవెలగా తీర్చి, అలలకు ఎదురుగా నిలిపినాడు. అదియే మహాబలిపురపు కడలి యొడ్డు కోవెల. దానికి మామల్లపురమనియు పేరు. రామకుప్పము నుండి ఒక్క దినమున పోయి చూచి రాదగినది. ఆ యాత్ర ఎట్లు చేయవలెనో, చూచునపుడు ఏమి గమనింపవలెనో తెలిసికొనుటకు ముందు, లోకమున మరియొక చోట నున్న ఇట్టి కోవెలను గూర్చి కొంచెము తెలిసికొనుట మేలు.

గ్రీసు దేశపు రాజధాని ఏథెన్సు. దానికి ఆగ్నేయమున సుమారు డెబ్బది కిలోమీటర్ల దూరమున భూమి కడలిలోనికి కొమ్మువలె చొచ్చుకొని పోయినది. ఆ చోటికి సూనియన్ అగ్రమని పేరు. మూడు వైపుల నీరు, నడుమ నిట్రముగా లేచిన కొండచరియ, దాని నెత్తిన తెల్లని పాలరాతి స్తంభముల వరుస. అది గ్రీకుల సముద్రదేవుడైన పొసైడన్ ఆలయము. ఏథెన్సునకు వచ్చిన యాత్రికులు బాడుగ బండి మాటలాడుకొని, తీరపు దారిన గంట, గంటన్నర ప్రయాణము చేసి, సూర్యుడు కడలిలో గ్రుంకు వేళకు ఆ చరియను చేరుకొందురు. చీకటి పడిన పిదప మరల నగరమునకు వత్తురు. ఒక పూటలో ముగియు యాత్ర.

ఆ చోట మొదట కట్టనారంభించిన ఆలయమును క్రీ. పూ. 480లో పారసీకులు దండెత్తి వచ్చి నాశనము చేసిరి. ఇప్పుడు కానవచ్చునది ఆ పిమ్మట, క్రీ. పూ. 444-440 సంవత్సరముల ప్రాంతమున కట్టినది. ముందు వెనుకల ఆరేసి, ప్రక్కల పదమూడేసి చొప్పున స్తంభములుండెడివి; మూలలవి రెండుమార్లు లెక్కకు వచ్చును గనుక మొత్తము ముప్పదినాలుగు. వానిలో సగము కూడ నేడు లేవు. నిలిచిన స్తంభముల యెత్తు ఇరువది అడుగులు. అట్టి ఆలయముల స్తంభములపై నిలువున ఇరువది గాళ్లు చెక్కుట గ్రీకు శిల్పుల ఆచారము. ఇచ్చట మాత్రము పదునారే చెక్కిరి. గాళ్లు తగ్గినచో వాని నడుమ అంచులు మందమై, ఉప్పుగాలికి త్వరగా విరుగకుండునని శిల్పులు తలచి యుందురని పండితులు చెప్పుదురు. అనగా కట్టినవారికే తెలియును: ఈ కోవెలకు శత్రువు ఎదుటనే యున్నదని.

ఆ కొండచరియను గూర్చి గ్రీకులు ఒక కథ చెప్పుకొందురు. ఏథెన్సు రాజైన ఈజియస్ కుమారుడు థీసియస్ క్రీటు ద్వీపమున నున్న ఒక భయంకర మృగమును చంపుటకై పోయెను. గెలిచి వచ్చినచో నావకు తెల్లని తెరచాప ఎత్తెదనని తండ్రికి మాట యిచ్చెను. గెలిచెను, కాని సంతోషమున తెరచాప మార్చుట మరచెను. దూరమున నల్లని తెరచాపను చూచిన ముసలి తండ్రి, కొడుకు చనిపోయెనని తలచి చరియనుండి కడలిలో దుమికెను. ఆ సముద్రమునకు ఈజియన్ సముద్రమను పేరు అందువలననే వచ్చినదట.

అంతదూరము పోవు భాగ్యము అందరికి కలుగదు. అయినను రామకుప్పపు విద్యార్థి దిగులుపడ నక్కరలేదు. అట్టి కోవెలయే, సూనియన్ కన్న కట్టడమున భిన్నమైనను గుణమున తోబుట్టువైనది, అతనికి ఒక్కనాటి ప్రయాణపు దూరమున నిలిచి యున్నది.

రెండు మూడు కుటుంబములవారు కలిసి ఒక బండిని బాడుగకు తీసికొనిన ఖర్చు అందరిపై పంచుకొనబడి తేలిక యగును. రామకుప్పము నుండి వెంకటగిరికోట చేరి, అడవి నడుమ కనుమదారిన పేర్ణంబట్టునకు దిగి, గుడియాత్తము, వేలూరు, కాంచీపురము, చెంగల్పట్టుల మీదుగా పోవలెను. దారి రెండువందల కిలోమీటర్లకు పైబడినది. ఐదారు గంటలు పట్టును. కావున తెల్లవారుజామున నాలుగు గంటలకే బయలుదేరుట మంచిది. తిరిగి వచ్చుటకు రాత్రి బాగుగా ప్రొద్దుపోవును. కౌండిన్య అభయారణ్యపు ఏనుగులు రాత్రివేళ ఆ ప్రాంతపు దారులకు వచ్చుట కద్దు. కనుక మరలునపుడు కనుమను విడిచి వాణియంబాడి వైపు నుండి కుప్పము చేరు పెద్దదారిని పట్టుట క్షేమము. బండి నడుపువాడు పగటివేళ కొంతసేపు నిదురించునట్లు చూడవలెను. అతని కన్ను మూతపడినచో అందరి ప్రాణములకు ముప్పు.

సద్దిమూట కట్టుకొనుట మరువరాదు. చిత్రాన్నము, పెరుగన్నము వంటివి, త్రాగు నీరు, ఎండకు గొడుగు ఉండవలెను. దారిలో కాంచీపురమున గుళ్లు చాల కలవు. వానినన్నిటిని కూడ చూతమను ఆశ కలుగుట సహజమే. కాని ఒక దినమున పది చోట్ల దిగినవాడు ఏ చోటును చూచినవాడు కాడు. కాంచికి వేరొక దినము పెట్టుకొనవలెను.

ఈ యాత్రకు పిల్లలు వెంట తీసికొని పోదగిన మనిషి యొకడు కలడు. రాతిపని తెలిసిన ఊరి పెద్ద. ఉలి పట్టిన చేతులకు కనబడునది పుస్తకము పట్టిన కన్నులకు అన్నివేళల కనబడదు.

మహాబలిపురమున మొదట కడలికి పోక, ఊరి నడుమ నున్న గుట్టను చూడవలెను. ఈ ఊరి శిల్పములను చెక్కించినవారు పల్లవ రాజులు. వారి రాజధాని కాంచీపురమైనను, వారి తొలి శాసనములలో నొకటి తెలుగుదేశమున, పల్నాటి సీమలోని మంచికల్లున లభించినది. కావున పల్లవులు తెలుగువారికి పరాయివారు కారు. వారిలో మొదటి నరసింహవర్మ క్రీ. శ. 630 మొదలు 668 వరకు రాజ్యమేలెను. మామల్లుడను బిరుదము అతనిదే. ఊరికి మామల్లపురమను పేరు దానినుండియే కలిగినది. లంకాద్వీపపు రాజకుమారుడైన మానవర్మకు సాయముగా అతడు నౌకలపై సేనను పంపినట్లు సింహళ చరిత్ర చెప్పుచున్నది. కడలిపై పల్లవుల చేయి ఎంత పొడవైనదో దీనివలన ఊహింపవచ్చును.

గుట్టయందు రాతిని తొలిచి మలచిన గుహాలయములు కలవు. అది మొదటి విధమగు పని: కొండలోనికి చొచ్చుట. గుట్ట ప్రక్కన తొంబది అడుగులకు మించిన వెడల్పు గల శిలాఫలకము కలదు. దానిని కొందరు అర్జునుని తపస్సనియు, కొందరు భగీరథుడు గంగను దెచ్చుటయనియు చెప్పుదురు. ఆ రాతి నడుమ సహజమైన చీలిక యొకటి కలదు. శిల్పి దానిని లోపమని విడువలేదు. దానినే గంగా ప్రవాహముగా చేసికొని, అందు నాగులను చెక్కినాడు. ప్రక్కన ఏనుగులు, మునులు, దేవతలు. ఒక మూల వెనుక కాళ్లపై నిలిచి దొంగ తపస్సు చేయు పిల్లి, దాని చుట్టు మూగిన ఎలుకలు కలవు. పిల్లలు ఆ పిల్లిని తామే వెదకి పట్టుకొనవలెను.

అచ్చటి నుండి ఊరికి దక్షిణమున నున్న ఐదు రథములకు పోవలెను. ఇవి రెండవ విధమగు పని: రాతిగుండును బయటినుండి చెక్కి మొత్తము గుడిగా మార్చుట. వీనికి పాండవుల పేర్లు, ద్రౌపది పేరు పెట్టినది తరువాతి జనులు. పాండవులకు వీనితో సంబంధము లేదు. వీనిలో పని ముగియనివి కలవు. ధర్మరాజ రథము పైభాగమున నగిషీలన్నియు తీరి యుండగా, క్రిందిభాగము మొరటుగా నిలిచియున్నది. దీనిని చూచి పిల్లలు తప్పక ప్రశ్నింతురు:

"తాతా, ఇల్లు కట్టువారు పునాది నుండి పైకి కట్టుదురు గదా? ఇచ్చట పైన ముగిసి క్రింద మిగిలినదేమి?"

రాతిపని ఎరిగిన పెద్ద ఇట్లు చెప్పును: "కట్టుట వేరు, చెక్కుట వేరు నాయనా. కట్టువాడు క్రింద నుండి పైకి పోవును. చెక్కువాడు పైనుండి క్రిందికి వచ్చును. క్రింద ముందు చెక్కినచో పైనుండి రాలిన పెచ్చులు తగిలి, చేసిన పని చెడును. నిలువబడుటకు రాయియు మిగులదు."

పుస్తకములో నాలుగు పుటల పాఠము ఆ నాలుగు మాటలలో ముగియును. కొన్ని గుండ్లపై వరుసగా చీలికగుంటలు కూడ కానవచ్చును. రాతిని చీల్చుటకు మేకులు దించు చోట్లవి. మన గనులలో సుత్తి చప్పుడు విన్న పిల్లలకు ఆ గుంటలు క్రొత్తవి కావు. మహాబలిపురపు రాయియు రామకుప్పపు రాయియు ఒక్కటే కాకపోయినను, రెండును ఉలిని ఓర్పుతో పరీక్షించు కఠిన శిలలే.

ఎండ వాలిన పిదప కడలి యొడ్డు కోవెలకు పోవలెను. ఇది మూడవ విధమగు పని: రాళ్లను కోసి, పేర్చి, గుడి కట్టుట. దీనిని కట్టించినవాడు రాజసింహుడని పేరొందిన రెండవ నరసింహవర్మ. ఇతడు ఎనిమిదవ శతాబ్ది తొలి పాదమున ఏలినవాడు. కాంచీపురమునందలి కైలాసనాథాలయమును కూడ ఇతడే కట్టించెను. పాలారు కడలి చేరు వయలూరి యందు ఇతని శాసన స్తంభము కలదు. అందు పల్లవ రాజుల వంశావళి పొడవుగా చెక్కబడినది.

కోవెలలో శివాలయములు రెండు, వాని నడుమ విష్ణువు గుడి ఒకటి కలవు. తూర్పున కడలికి ముఖము పెట్టిన పెద్ద గుడికి క్షత్రియసింహేశ్వరమనియు, పడమటికి తిరిగిన చిన్న గుడికి రాజసింహేశ్వరమనియు పేర్లు. పెద్ద గుడి విమానము సుమారు అరువది అడుగుల ఎత్తు. నడుమ శయనించిన విష్ణుమూర్తిని తెచ్చి పెట్టలేదు. అచ్చటనే భూమిలో నాటుకొని యున్న సహజశిలయందు మలచినారు. తూర్పు గుడిలో పదునారు పలకల లింగము కలదు. దాని వెనుక గోడపై పార్వతీ పరమేశ్వరులు బాలస్కందునితో కూర్చున్న ఫలకము కలదు. ప్రహరీ గోడలపై నందులు బారులు తీరి యుండును. ఉదయించు సూర్యుని మొదటి కిరణము కడలిపై నుండి నేరుగా ఆ వాకిటిని తాకును. సూనియన్ చూచుటకు సూర్యాస్తమయము తగిన వేళ; మహాబలిపుర మునకు సూర్యోదయము. ఒక్క దినపు యాత్రికుడు సూర్యోదయమును పోగొట్టుకొనును. ఆ కొరతను ఒప్పుకొనక తప్పదు.

ఇచ్చట విద్యార్థి ఒక పరీక్ష చేయవలెను. ఆలయము లోపలి గోడపై నున్న శిల్పమును ముందుగా చూచి, పిదప బయట కడలివైపున నున్న శిల్పములను చూడవలెను. లోపలి దానిలో ముఖము, చేయి, ఆభరణము తెలియును. బయటి వానిలో కొన్నిట ఇది నంది, ఇది సింహము అని ఆకారమును బట్టి గుర్తించుటయే గాని, కన్ను ముక్కు కానరావు. చెక్కినవాడు ఒకడే, రాయి ఒకటే, కాలము ఒకటే. మరి ఈ భేదమెక్కడిది?

రాయలసీమ పిల్లలకు ఈ ప్రశ్నకు జవాబు తమ ఊరిలోనే కలదు. చౌడు నేలపై కట్టిన మట్టిగోడ యొక్క అడుగుభాగము తెల్లగా పొంగి, పొరలు పొరలుగా రాలిపోవుట వారు చూచియుందురు. నేలలోని ఉప్పు నీటితో కలిసి గోడలోనికి ప్రాకును. నీరు ఆరిపోవును, ఉప్పు మిగిలిపోవును. మిగిలిన ఉప్పు సన్నని స్ఫటికములుగా పెరుగును. ఆ పెరుగుదలకు చోటు చాలక, చుట్టునున్న మట్టిని త్రోయును. గోడ రాలును. కడలి యొడ్డున జరుగునదియు నిదియే. అలల తుంపర గాలిలో ఎగిరి రాతిపై పడును. కంటికి కానరాని సందులలో ఉప్పునీరు ఇంకును. ఎండ కాయగనే ఉప్పు గట్టిపడి రాతిరవ్వలను లోపలినుండి త్రోయును. రేయి తేమ, పగలు ఎండ. ఈ త్రోపు దినదినము సాగును. దానికి తోడు గాలి ఇసుకను తెచ్చి ముఖమున కొట్టును. ఒక్క దినమున రాలునది కంటికి కనబడదు. పన్నెండువందలకు పైబడిన ఏండ్లు రాలినది మాత్రము కన్నులకు కట్టినట్లు కనబడుచున్నది.

ఈ నష్టమును మాన్పుటకు పురావస్తు శాఖవారు చేయు ఉపాయము విచిత్రమైనది. కాగితమును నానబెట్టి గుజ్జుచేసి, రాతిపై మందముగా పట్టించుదురు. గుజ్జు ఆరునప్పుడు రాతిలోని ఉప్పు నీటివెంట వెలికి వచ్చి గుజ్జులో చేరును. పిమ్మట గుజ్జును ఒలిచివేయుదురు. సెగగడ్డకు పట్టు వేసి చీము లాగినట్లే. ఇంతేకాక తీరమున పెద్ద బండలను పేర్చి అలల దెబ్బను ఆపిరి. గాలిని, ఇసుకను అడ్డుటకు సరుగుడు చెట్లను పెంచిరి. వ్యాధి పూర్తిగా కుదురునది కాదు. కాని ఆలస్యము చేయవచ్చును. 1984లో ఐక్యరాజ్యసమితి విద్యా సాంస్కృతిక సంస్థయైన యునెస్కో మహాబలిపురపు కట్టడములను ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించినది.

కడలి ఒకప్పుడు మెల్లగా తినును; మరియొకప్పుడు ఒక్కసారిగా మీదపడును. 2004 డిసెంబరు 26వ తేదీన సునామీ వచ్చినపుడు నీరు మొదట వెనుకకు పోయి, పిదప తీరముపై విరుచుకొని పడినది. సహజశిలను ఆధారముగా చేసికొని నిలిచిన కోవెల చలింపలేదు. నీరు తీసిన పిమ్మట, ఇసుక కొట్టుకొనిపోగా, అంతవరకు మరుగుపడియున్న సింహము మొదలగు శిల్పములు గల రాళ్లు బయటపడినవి. ఆ మరుసటి సంవత్సరము పురావస్తు శాఖవారు త్రవ్వగా, కోవెలకు దక్షిణమున మరియొక గుడి పునాదులు కానవచ్చినవి.

ఇందువలన ఒక పాత కథకు మరల ప్రాణము వచ్చినది. పూర్వము ఐరోపా నావికులు ఈ ఊరిని ఏడు గుడుల ఊరు అని పిలిచెడివారు. ఏడింట ఆరు కడలిలో మునిగెననియు, ఒక్కటి మాత్రము మిగిలెననియు జనులు చెప్పుకొందురు. విలియం చేంబర్సు అను ఆంగ్లేయుడు 1772లోను 1776లోను ఇచ్చటికి వచ్చి చూచి, 1788లో అచ్చయిన తన వ్యాసమున ఇట్టి మాటలను వ్రాసియుంచెను. నేటి పరిశోధకులు 2002లో కడలిలో మునిగి, తీరమునకు చేరువ నీటి అడుగున మానవుడు పేర్చిన రాళ్ల జాడలను కనుగొనిరి. అంతమాత్రమున ఆరు గుడుల కథ నిజమని తేలినట్లు కాదు. కథను కథగా విని, త్రవ్వకమున దొరికినదానిని దొరికినంతవరకే నమ్ముట విద్యార్థికి తగిన పద్ధతి.

ఇక సూనియన్ ఆలయమును గూర్చి చెప్పక విడిచిన మాట ఒకటి మిగిలినది. అచ్చటి స్తంభములపై యాత్రికుల పేర్లు పెక్కు చెక్కబడి యున్నవి. వానిలో ఒకటి ఆంగ్ల మహాకవియగు బైరన్ పేరు. అతడు 1810 ప్రాంతమున గ్రీసు దేశమున సంచరించినవాడు. ఆ అక్షరములను అతడే చెక్కెనని చాలమంది నమ్మకము. ఆ దేశమును ప్రాణసమముగా ప్రేమించి, దాని స్వాతంత్ర్యమునకై పోవు యత్నమున 1824లో అచ్చటనే కన్నుమూసినవాడు అతడు. అంతటి ప్రేమ కలవాని పేరైనను రాతికి గాయమే. నేడు యాత్రికులు ఆ స్తంభముల నడుమకు పోకుండ త్రాడు కట్టియుంచినారు. మునుపటివారి చేతిదురద వలన తరువాతివారికి వాకిలి మూతపడినది.

మన దేశమున కూడ ఈ దుర్గుణము తక్కువ కాదు. కోటగోడలపై, గుహలలో, దేవళపు మండపములలో పేర్లు గీసినవారు, సున్నముతో వ్రాసినవారు ఎందరో. రక్షిత కట్టడమునకు హాని చేసినవానికి రెండేండ్ల చెరసాల, లక్ష రూపాయల జరిమానా వరకు విధింపవచ్చునని 1958 నాటి పురాతన కట్టడముల చట్టము, 2010లో జరిగిన సవరణతో, చెప్పుచున్నది. కాని శిక్షకు భయపడి చేయి ముడుచుకొనుట కన్న, రాతి స్థితి తెలిసి చేయి ముడుచుకొనుట మెరుగు. ఉప్పు వేయి సంవత్సరములు తినినంత పనిని మేకు ఒక్క నిమిషమున చేయగలదు. కడలికి తెలివి లేదు. అది తన స్వభావముననుసరించి తినును. మానవునికి తెలివి కలదు గనుక అతని తప్పు పెద్దది. గీయుట యే కాదు. శిల్పముపై ఎక్కి కూర్చుండుట, నందిమీద స్వారి చేయుచు బొమ్మ తీయించుకొనుట, అరిగిన ముఖములను చేతితో తడవుట, ఇవియు వేలమంది చేసినచో అరగదీయునవే.

మరియొక జాగ్రత్త కలదు. మెట్టసీమ పిల్లలు అలలను చూడగనే నీటిలోనికి పరుగిడుదురు. చెరువులో ఈత నేర్చినవాడు కడలిలో ఈదగలనని తలంపరాదు. అల వెనుకకు పోవునపుడు కాలిక్రింది ఇసుకను లాగుకొనిపోవును. ఆ లాగుడు ఎంత బలవంతునైనను పడద్రోయును. ఇచ్చటి తీరమున ప్రాణములు పోగొట్టుకొనినవారు కలరు. పెద్దల చేయి పట్టుకొని, చీలమండ తడియునంత నీటిలో నిలిచి సంతోషించుట చాలును.

పదునైదేండ్ల లోపు పిల్లలకు ఈ కట్టడములందు ప్రవేశ రుసుము లేదు. ఇది విద్యార్థులకు ప్రభుత్వము చేసిన మేలు. రుసుము లేదు గదాయని ఊరక చుట్టివచ్చుట దానికి తగిన కృతజ్ఞత కాదు. ఒక చిన్న పుస్తకము, ఒక సీసపుకడ్డి వెంట నుంచుకొని, ఒక్క శిల్పము నెదుట కూర్చుండి తనకు వచ్చినట్లు బొమ్మ వ్రాసికొనవలెను. బొమ్మ బాగుండనక్కరలేదు. వ్రాయుటకై చూచినపుడే, ఏ భాగము నిలిచినది, ఏ భాగము అరిగినది అను విషయము కంటికి తెలియును. పేరు వ్రాసికొనవలెనను కోరిక కలిగినచో ఆ బొమ్మ క్రింద వ్రాసికొనవచ్చును. అచ్చట ఎవరును అడ్డు చెప్పరు.

ప్రొద్దు గ్రుంకుచుండగా ద్వారములు మూయు వేళ యగును. యాత్రికులు బండి ఎక్కుదురు. పడమటి వెలుగు విమానముపై కొంతసేపు నిలిచి తొలగిపోవును. అలల చప్పుడు మాత్రము ఆగదు. రాత్రి ప్రొద్దుపోయి రామకుప్పము చేరి, మరునాడు ఉదయమున తమ ఊరి గుట్టను చూచిన పిల్లలకు అది నిన్నటి గుట్టవలె ఉండదు. దాని రాయియే పాలారు వెంట ఇసుకయై పోవుచున్నదనియు, అట్టి కఠినశిలయే ఉలి తాకిడికి కోవెలయై కడలి కెదురు నిలిచినదనియు వారికి తెలిసియుండును. తమ ఊరి దేవళపు గోడపై ఎవరైనను మేకుతో పేరు గీయబోవుట చూచినపుడు, అట్టి పిల్లవాడు ముందుకు వచ్చి ఆ చేయి పట్టుకొనును. అట్లు పట్టుకొనిననాడే ఆ యాత్ర సఫలము.